నిలువని కాళ్లకు సూదివైద్యం: ఋజువు నిలుస్తుందా?

కాకినాడకు ఈశాన్యంగా సముద్రపుటొడ్డున ఉన్న ఉప్పాడ రెండు విషయాలకు పేరుపడిన గ్రామం. మొదటిది ఏటేటా ఒడ్డును కోసుకొనిపోయే సముద్రం. రెండవది 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన జమ్‌దానీ చీర. ఈ చీర నేసేవారు గుంటమగ్గం ముందు, నేలలో త్రవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటారు. చేతులు ఒక్కొక్క బుటాను పోగు పోగుగా ఎత్తుతుంటే, అడుగున కాళ్లు తొక్కుడు చెక్కలను మార్చి మార్చి నొక్కుతూ ఉంటాయి. పగలంతా ఈ పని సాగుతుంది.

అటువంటి ఒక నేత కుటుంబంలో నలభై ఏళ్ల ఇల్లాలిని ఊహించుకొనవచ్చును. పగలు మగ్గం మీద ఉన్నంతసేపు ఆమె కాళ్లకు ఏ బాధా లేదు. రాత్రి పనులన్నీ ముగించుకొని నడుము వాల్చగానే కాళ్లు మొరాయిస్తాయి. పిక్కలలో లోపల ఏదో పాకుతున్నట్లు, లాగుతున్నట్లు ఉంటుంది. కాళ్లు కదిలిస్తేగాని ఊరట లేదు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, మళ్లీ పడుకొంటే మొదలవుతుంది. నిద్రపట్టిన తరువాత కూడ కాళ్లు తమంతట తాము విదిలించుకొంటున్నవని ప్రక్కన పడుకొన్న కూతురు చెబుతుంది. ఇంటిలోని పెద్దవారు కాళ్లు ఊపితే దరిద్రమని మందలిస్తారు. మందుల దుకాణంలో "నరాల బలహీనత" అని ఒక సీసా చేతికిస్తారు. చివరకు ఇరుగింటామె వచ్చి, "వదినా, పట్నంలో సూదులు పొడుస్తారట. మా చెల్లెలికి నాలుగు వారాలలో తగ్గింది. ఒకసారి చూపించుకోరాదూ?" అంటుంది.

ఈ సలహాను ఎగతాళి చేయుట సులభం, కన్నులు మూసుకొని నమ్ముట ఇంకా సులభం. విజ్ఞానశాస్త్రానికి ఈ రెండూ తగవు. చెల్లెలికి తగ్గినమాట నిజమే కావచ్చును. అయితే తగ్గించినది సూదియేనా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను ఎట్లా అడగవలెనో, దానికి ఇంతవరకు దొరికిన సమాధానమేమిటో పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది ఏ జబ్బు?

ఈ బాధను వైద్యులు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. తెలుగులో "నిలువని కాళ్లు" అనుకొనవచ్చును. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీనిని లాటిన్ భాషలో వర్ణించినాడు. 1945లో స్వీడన్ దేశపు నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ అనేకమంది రోగులను పరిశీలించి, దీనికి ఈ పేరు పెట్టి, ఒక ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టినాడు. అందుచేత దీనికి విల్లిస్-ఎక్‌బోమ్ వ్యాధి అనే పేరు కూడ ఉన్నది.

దీనిని గుర్తించుటకు నాలుగు లక్షణాలు ముఖ్యం. కాళ్లు కదిలించవలెనన్న ఆపుకొనలేని కోరిక, సాధారణంగా దానితోపాటు కాళ్లలో ఏదో ఒక వికారం, మొదటి లక్షణం. అది కూర్చున్నప్పుడో పడుకొన్నప్పుడో పుట్టుట రెండవది. కదిలించగానే, కదిలించినంతసేపు తగ్గుట మూడవది. సాయంకాలం, రాత్రివేళలలో ఎక్కువగుట నాలుగవది. ఈ నాలుగూ కలిసి ఉండి, వాటికి వేరొక కారణం కనబడనప్పుడే ఇది ఆ జబ్బు అని చెబుతారు.

ఈ కొలబద్ద వలన ప్రయోజనమేమిటంటే, ఒకదానినొకటి పోలిన బాధలను ఇది విడదీస్తుంది. పిక్క పట్టుకొన్నప్పుడు కండరం రాయివలె బిగుసుకొని నొప్పి పెడుతుంది. నిలువని కాళ్లలో ఆ బిగింపు లేదు. తిమ్మిరి ఒకే భంగిమలో కాలు నొక్కుకొనిపోతే వస్తుంది, భంగిమ మార్చగానే పోతుంది. మధుమేహంలో నరాలు దెబ్బతింటే అరికాళ్లు మండుతవి, కాని ఆ మంట నడిస్తే చల్లారదు. నిద్రలోకి జారేటప్పుడు ఒక్కసారి ఉలిక్కిపడుట ఆరోగ్యవంతులలో చాలమందికి అప్పుడప్పుడు కలిగేదే, అది జబ్బు కాదు.

నిద్రలో కాళ్లు తమంతట తాము అదురుట ఈ వ్యాధికి తోబుట్టువు వంటిది. నిలువని కాళ్లు ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు ఇది కూడ ఉంటుంది. బొటనవ్రేలు పైకి లేచి, మడమ, మోకాలు కొద్దిగా ముడుచుకొంటవి. తరచుగా ఇరవై ముప్ఫై సెకండ్లకు ఒకసారి, గడియారం కొట్టినట్లు, ఈ విదిలింపు వరుసగా వస్తూ ఉంటుంది. దీనిని యంత్రంతో లెక్కపెట్టవచ్చును. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకొనవలె. సూదివైద్యాన్ని తూచేటప్పుడు ఇది పనికివస్తుంది.

కాళ్లలో బాధ, మెదడులో కారణం

బాధ కాళ్లలో ఉన్నది గనుక లోపం కూడ కాళ్లలోనే ఉండవలెనని సామాన్యులు అనుకొంటారు. పరిశోధనలు వేరే దారి చూపినవి. 1953లో స్వీడన్ వైద్యుడు నార్డ్‌లాండర్ ఇనుమును నరం ద్వారా ఎక్కించి ఈ రోగులకు ఉపశమనం కలిగించినాడు. ఆ తరువాత సుమారు అర్ధ శతాబ్దానికి, మెదడును ఆవరించిన ద్రవంలోనూ, మెదడులోని కొన్ని భాగాలలోనూ ఈ రోగులకు ఇనుము నిల్వ తక్కువగా ఉన్నదని తేలినది. డోపమిన్ అనే రసాయనం నరాల మధ్య వార్తలు మోస్తుంది. దానిని తయారుచేసే ఎంజైము పనిచేయుటకు ఇనుము కావలె. ఇనుము కొరత వలన డోపమిన్ వ్యవస్థ తన లయ తప్పుతున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వ్యాధి రాత్రివేళ ఎక్కువగుటకు కూడ దేహంలోని రోజువారీ లయలతో సంబంధమున్నది. కుటుంబాలలో తరతరాలుగా ఈ బాధ వచ్చుట వైద్యులకు ముందే తెలుసును. 2007లో దీనికి సంబంధించిన జన్యువులను కూడ కనుగొన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రక్తంలో హీమోగ్లోబిన్ సరిగా ఉన్నంత మాత్రాన ఇనుము నిల్వలు సరిగా ఉన్నట్లు కాదు. గాదెలో ధాన్యం అడుగంటినా ఆ పూట వంట సాగవచ్చును. గాదెను కొలిచే పరీక్ష ఫెరిటిన్. సాధారణ రక్తహీనతను పట్టుకొనుటకు వాడే హద్దు కంటె ఈ వ్యాధిలో హద్దు ఎక్కువ. ఫెరిటిన్ లీటరుకు 75 మైక్రోగ్రాములో, అంతకు తక్కువో ఉంటే పెద్దలకు ఇనుము ఇచ్చే విషయం ఆలోచించవలెనని అంతర్జాతీయ నిపుణుల సూచన. 2025లో అమెరికా నిద్రవైద్య సంఘం ప్రకటించిన మార్గదర్శకాలు కూడ రోగులందరికీ మొదట ఇనుము పరీక్షలు చేయవలెనని చెప్పినవి. డోపమిన్ వలె పనిచేసే మందులను మాత్రం మామూలుగా వాడవద్దని ఆ మార్గదర్శకాలే హెచ్చరించినవి. ఆ మందులు మొదట బాగా పనిచేసి, ఏళ్లు గడిచేకొద్దీ బాధను ముందు వేళలకు లాగి, తీవ్రం చేసే ప్రమాదమున్నది. అనగా, సూదివైద్యం వైపు చూసే రోగి తెలివితక్కువవాడు కాడు. ఆధునిక వైద్యం ఇచ్చిన మందు కూడ కొందరిని నిరాశపరచినది.

ఆంధ్రదేశానికి ఇనుము ప్రసక్తి పరాయిది కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల స్త్రీలలో 58.8 శాతం రక్తహీనత గలవారు. వీరందరికీ నిలువని కాళ్లు ఉన్నవని దీని అర్థం కాదు. కాని ఇటువంటి ప్రదేశంలో ఒక స్త్రీ రాత్రి కాళ్లు నిలువవని చెప్పినప్పుడు మొదట దేనిని అనుమానించవలెనో ఈ అంకె చెబుతున్నది. అధిక ఋతుస్రావం, కొంకిపురుగులు, మొలల నుండి పోయే రక్తం, ప్రేగులలోని పుండు, ఇవన్నీ ఇనుమును హరిస్తవి. పాఠశాలలలో వారానికొకసారి ఇచ్చే నీలంరంగు మాత్రలో ఉన్నవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు ఈ గోదావరి మండలపు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి విద్యార్థులు తెలుసుకొనదగినది.

మరి రెండు సందర్భాలలో ఈ వ్యాధి ఎక్కువ. ఒకటి గర్భం, ముఖ్యంగా చివరి మాసాలు. రెండవది మూత్రపిండాలు చెడుట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కారణం ఇంకా పూర్తిగా తేలని మూత్రపిండ వ్యాధితో వేలమంది బాధపడుతున్నారు. డయాలిసిస్ చేయించుకొనే రోగులలో నిలువని కాళ్లు ఇతరులలో కంటె చాలా ఎక్కువ. గంటల తరబడి కదలకుండ పడుకొనవలసిన వేళ కాళ్లు నిలువకపోవుట వారికి ఎటువంటి శిక్షయో ఊహించుకొనవచ్చును.

సూదివైద్యం ఏమంటుంది?

ఆక్యుపంక్చర్ చైనాలో పుట్టినది, దానిని గూర్చిన ప్రాచీన గ్రంథాలు సుమారు రెండు వేల ఏళ్ల నాటివి. దేహంలో "ఛీ" అనే ప్రాణశక్తి కొన్ని మార్గాలలో ప్రవహిస్తుందనీ, ఆ ప్రవాహం అడ్డగింపబడితే జబ్బు చేస్తుందనీ, నిర్ణీత స్థానాలలో సన్నని సూదులు గుచ్చి దానిని సరిచేయవచ్చుననీ ఆ సిద్ధాంతం. చైనాలో కూడ దీని చరిత్ర ఒకే తీరుగా సాగలేదు. 1822లో అక్కడి చక్రవర్తి దీనిని రాజవైద్యశాల నుండి తొలగించినాడు. ఇరువదవ శతాబ్దిలో మళ్లీ ప్రాబల్యం వచ్చినది.

మన దేశానికి ఇది వచ్చిన కథ ఆసక్తికరమైనది. జపానుతో యుద్ధంలో ఉన్న చైనాకు సహాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపినది. వారిలో డాక్టర్ కోట్నిస్ అందరికీ తెలిసినవాడు. అతని సహచరుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు తరువాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకొని, 1959లో కలకత్తాలో ప్రారంభించినాడు. 2003లో భారత ప్రభుత్వం దీనిని ఒక చికిత్సా పద్ధతిగా అనుమతించి, 2019లో ప్రత్యేక వైద్యవిధానంగా గుర్తించినది.

ఈ గుర్తింపును సూదివైద్యులు తమ బోర్డుల మీద వ్రాసుకొనుట సహజం. అయితే ఒక వైద్యవిధానాన్ని గుర్తించుట వేరు, అది ఫలానా జబ్బును తగ్గిస్తుందని ఋజువగుట వేరు. న్యాయవాదికి పట్టా ఉన్నంత మాత్రాన అతడు పట్టిన ప్రతి దావా గెలువదు గదా.

నిలువని కాళ్లకు సూదులు ఎక్కువగా గుచ్చే స్థానాలలో ఒకటి "జుసన్‌లీ". ఇది మోకాలి చిప్పకు క్రిందుగా, వెలుపలి వైపున ఉంటుంది. వారానికి రెండు మూడు సార్లు చొప్పున కొన్ని వారాలపాటు చికిత్స జరుగుతుంది. అనేకమంది తమకు తగ్గినదని చెబుతారు. ఇక అసలు విచారణ ఇక్కడ మొదలవుతుంది.

తగ్గినది, కాని దేనివలన?

ఉప్పాడలో పోటు వచ్చినప్పుడు అలలు రోడ్డు మీదికి వస్తవి. ఆ క్షణంలో ఒకడు ఒడ్డున నిలబడి కొబ్బరికాయ కొట్టినాడనుకొనవలె. కొన్ని గంటలకు సముద్రం వెనుకకు తగ్గుతుంది. కొబ్బరికాయే తగ్గించినదని ఊరిలో ఎవ్వరూ అనరు. ఆటుపోట్ల సంగతి వారికి తెలుసును. నిలువని కాళ్లకు కూడ ఆటుపోట్లు ఉన్నవి. కొన్ని వారాలు విజృంభించి, కొన్ని వారాలు అణగియుంటుంది. రోగి వైద్యుని వద్దకు పోయేది పోటు సమయంలోనే. కాబట్టి ఏ చికిత్స చేసినా, చేయకున్నా, తరువాతి రోజులు కొంత మెరుగుగా ఉండుటకే అవకాశం ఎక్కువ.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక పాచికతో చూపవచ్చును. అరవైమంది విద్యార్థులు ఒక్కొక్కసారి పాచిక వేయవలె. ఆరు పడినవారిని "రోగులు" అనవలె. సుమారు పదిమంది ఉంటారు. వారి అరచేతిలో సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి "చికిత్స" చేసి, మళ్లీ వేయమనవలె. వారిలో ఎనిమిది తొమ్మిది మందికి ఆరు కంటె తక్కువ పడుతుంది. ఎనభై శాతం పైగా రోగులకు గుణమిచ్చిన సుద్దముక్క వైద్యం! చుక్క పెట్టని రోగులను కూడ కొందరిని ప్రక్కన నిలబెట్టి ఉంటే గుట్టు బయటపడి ఉండేది. పోలిక వర్గం లేని ఏ చికిత్సా కథ అయినా ఈ సుద్దముక్క కథయే.

గర్భిణి విషయం ఇంకా స్పష్టం. ఎనిమిదవ నెలలో కాళ్లు నిలువక సూదులు పొడిపించుకొన్న స్త్రీకి రెండు నెలలలో బాధ పోవచ్చును. అందుకు కారణం ప్రసవం. కాన్పు తరువాత అధిక సంఖ్యాకులకు ఇది దానంతట అదే పోతుంది.

వీటికి తోడు నమ్మకం చేసే మేలు ఒకటి ఉన్నది. ఈ వ్యాధిలో దాని బలం ఆశ్చర్యకరం. మందుల పరీక్షలలో ఉత్తుత్తి మాత్ర తీసుకొన్న వర్గాల ఫలితాలను 2008లో జర్మనీ పరిశోధకులు సమీకరించి చూడగా, సుమారు 40 శాతం మందికి చెప్పుకోదగిన మేలు కనిపించినది. వారు మింగినది మందు లేని మాత్ర. ఇంకొక సంగతి కూడ ఆ లెక్కలలో తేలినది. రోగి తన నోటితో చెప్పే బాధ ఉత్తుత్తి మాత్రతో బాగా తగ్గినది, యంత్రం లెక్కపెట్టిన నిద్రలోని విదిలింపులు మాత్రం అట్లా తగ్గలేదు. నమ్మకం మనస్సును ఓదార్చగలదు, నిద్రపోతున్న కాలిని మోసగించలేదు. అందుచేత ఇరుగింటామె చెల్లెలు అబద్ధమాడినదనుటకు వీలులేదు. ఆమె అనుభవం నిజమే, కాని అది సూదికి సాక్ష్యం కాజాలదు.

ఉత్తుత్తి సూదితో పందెం

మందుకు ఉత్తుత్తి మాత్ర ఉన్నది. సూదికి ఉత్తుత్తి ఎక్కడ? గుచ్చినది లేనిది రోగికి తెలియదా? ఈ చిక్కును 1998లో జర్మనీ వైద్యుడు స్ట్రైట్‌బెర్గర్ నేర్పుగా విప్పినాడు. నాటకాలలో పొడిచినప్పుడు పిడిలోకి జారిపోయే కత్తి ఉంటుంది. ఆయన అటువంటి సూదిని తయారుచేసినాడు. మొన చర్మాన్ని తాకుతుంది, లోనికి పోదు, చూచుటకు మాత్రం దిగబడినట్లే ఉంటుంది. మరికొన్ని పరీక్షలలో నిజమైన సూదినే శాస్త్రం చెప్పిన స్థానంలో కాక వేరే చోట, పైపైన గుచ్చుతారు.

ఇటువంటి పరీక్షలలో పెద్దది జర్మనీలోనే జరిగినది, దాని ఫలితాలు 2007లో ప్రచురితమైనవి. అది నిలువని కాళ్లను గూర్చినది కాదు, దీర్ఘకాలపు నడుమునొప్పిని గూర్చినది. అయినా దాని పాఠం ఇక్కడ వర్తిస్తుంది. 1,162 మంది రోగులను చీట్లు వేసినట్లు మూడు వర్గాలుగా విభజించినారు. ఆరు నెలల తరువాత, సరియైన స్థానాలలో సూదులు పొందినవారిలో 47.6 శాతానికి, తప్పు స్థానాలలో పైపైన పొందినవారిలో 44.2 శాతానికి, మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతానికి గుణం కనిపించినది.

ఈ మూడు అంకెలను జాగ్రత్తగా చదువవలె. మొదటి అంకెను మూడవదానితో మాత్రమే పోల్చితే సూదివైద్యం ఘనవిజయం పొందినట్లు. మొదటిదానిని రెండవదానితో పోల్చితే "స్థానం" అన్న సిద్ధాంతం నిలువలేదు. రెండు పోలికలూ నిజమే. సూదులు పొందినవారు మేలు పొందినారు, కాని ఎక్కడ గుచ్చినారన్నది ఇంచుమించు లెక్కలోకి రాలేదు. ప్రాణశక్తి మార్గాల పటం ఈ పరీక్షలో నెగ్గలేదు. నమ్మకము, వైద్యుని శ్రద్ధ, స్పర్శ, ఎక్కడైనా సరే చర్మానికి తగిలిన పోటు, వీటిలో ఏదో పనిచేసినది. ప్రకటనలలో మొదటి పోలిక మాత్రమే కనబడుతుంది. విమర్శకుడు రెండవది అడుగవలె.

ఇక నిలువని కాళ్ల విషయం. వైద్యపరీక్షల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2008లో ఈ విషయంపై నివేదిక ప్రకటించినది. పనికివచ్చునేమో అనిపించినవి 14 పరీక్షలు. వాటిలో 12 ప్రమాణాలకు నిలువలేదు. మిగిలినవి రెండు, రెండింటిలోని రోగులు మొత్తం 170 మంది. ఒకదానిలో సూదులకు, మందులకు వ్యాధి తగ్గుదలలో గణనీయమైన తేడా కనబడలేదు. రెండవదానిలో మందులకు, మర్దనకు తోడుగా చర్మంపై చేసిన సూదిచికిత్స కొంత మేలు చేసినట్లు కనిపించినది. ఉత్తుత్తి సూదితో పోలిక రెండింటిలోనూ లేదు. ఋజువు చాలదని సమీక్షకుల తీర్పు. "పనిచేయదు" అని వారు అనలేదు, "పనిచేస్తుంది" అనుటకు ఆధారం లేదన్నారు. ఈ రెండు వాక్యాలకు గల భేదం విద్యార్థులు పట్టుకొనవలె.

2015లో చైనా పరిశోధకులు ఇంకొంచెం మెరుగైన పని చేసినారు. నలభై మందికి లోపు రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి శాస్త్రోక్త స్థానాలలో, రెండవ వర్గానికి ఇతర స్థానాలలో సూదులు గుచ్చి, కదలికలను నమోదుచేసే చిన్న యంత్రాన్ని కట్టి రాత్రి కదలికలను కొలిచినారు. శాస్త్రోక్త వర్గానికి ఫలితం మెరుగని ప్రకటించినారు. యంత్రంతో కొలుచుట మెచ్చదగినది. కాని మనుషులు కొద్దిమంది, వ్యవధి ఆరు వారాలు, గుచ్చే వైద్యునికి ఏది అసలో ఏది కాదో తెలుసును. గుచ్చేవాని ముఖకవళిక, మాట, శ్రద్ధ రోగికి అందకపోవు. ఇటువంటి ఫలితం మరొక పెద్ద పరీక్షకు ఆహ్వానమే కాని తీర్పు కాదు.

కాలి నరం చెప్పిన మరొక కథ

ఇంతటితో ఆపితే విమర్శ ఏకపక్షమవుతుంది. జుసన్‌లీ స్థానానికి సమీపంలోనే పెరోనియల్ నరం శాఖలు పోతూ ఉంటవి. ప్రాచీనుల సిద్ధాంతంతో సంబంధం లేకుండ, అమెరికాలో కొందరు పరిశోధకులు మోకాలి క్రింద ఆ నరానికి పైనుండి సున్నితమైన విద్యుత్ ప్రేరణ ఇచ్చే పట్టీని తయారుచేసినారు. మందులతో లొంగని 133 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడినవి. నాలుగు వారాలలో నిజమైన పట్టీ వర్గంలో 45 శాతానికి, ఉత్తుత్తి పట్టీ వర్గంలో 16 శాతానికి గుణం కనిపించినది. 2025 మార్గదర్శకాలలో ఈ పద్ధతికి షరతులతో కూడిన స్థానం లభించినది.

దీనివలన సూదివైద్యం నిజమని తేలినదా? తేలలేదు. పట్టీ సూది కాదు. దాని ప్రేరణ కండరాలను ఎడతెగక బిగించి, కాళ్లు కదిపినప్పుడు కలిగే ఊరటను కాళ్లు కదపకుండగనే కలిగిస్తుందని దానిని చేసినవారి వివరణ. అయితే దీని నుండి రెండు విషయాలు గ్రహించవచ్చును. కాలి నరం ద్వారా ఈ వ్యాధిని శాంతింపజేయుట అసంభవం కాదు. ఏ పద్ధతికైనా ఉత్తుత్తి పోలిక పెట్టవచ్చును, నెగ్గేది ఉంటే నెగ్గి చూపుతుంది. సూదికి కూడ ఆ గోదా తెరిచియే ఉన్నది.

ఇల్లాలికి ఏమి చెప్పవలె?

మొదట చూచిన ఉప్పాడ ఇల్లాలి వద్దకు తిరిగి వెళ్లవలె. శిక్షణ పొందినవాని చేతిలో, ఒక్కసారి వాడి పారవేసే శుభ్రమైన సూదితో, ఈ చికిత్స వలన పెద్ద అపాయాలు అరుదు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే కామెర్లను కలిగించే హెపటైటిస్ వైరస్ వ్యాపిస్తుంది. ఈ విషయంలో రాజీ కూడదు. కాని అసలు నష్టం సూది మొనలో లేదు, గడిచిపోయే కాలంలో ఉన్నది. ఆమె ఫెరిటిన్ అడుగంటి ఉంటే సూదులు ఇనుమును పుట్టించలేవు. నాలుగు వారాలు కొంత ఊరట కలిగి, ఆ ఊరట వలననే రక్తపరీక్ష వాయిదాపడితే, ఆమె దేహంలో ఎక్కడో రక్తం కారుతూనే ఉండవచ్చును. మూత్రపిండాలు చెడుతున్నవానికి ఈ వాయిదా ఇంకా ప్రమాదం. కూలి మానుకొని పట్నం పోయివచ్చిన ప్రతి దినమూ మగ్గం ఖాళీగా ఉన్న దినమే.

కనుక వరుస ముఖ్యం. ముందు వైద్యుని వద్ద లక్షణాలు సరిచూచుకొని, ఫెరిటిన్‌తో సహా ఇనుము పరీక్షలు, మూత్రపిండాల పరీక్ష, మధుమేహ పరీక్ష చేయించుకొనవలె. వాడుతున్న మందులను కూడ ఆయనకు చూపవలె. జలుబుకు, దురదకు ఇచ్చే మగత మందులు, వాంతులకు ఇచ్చే కొన్ని మందులు, మనోవ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు ఈ బాధను రెచ్చగొట్టగలవు. ఇనుము తక్కువైతే దానిని భర్తీ చేయవలె, అది ఎందుకు తగ్గినదో వెదకవలె. మాత్ర మింగిన వెంటనే టీ త్రాగితే ఇనుము ఒంటబట్టదు, నిమ్మ, ఉసిరి వంటి పులుపు తోడ్పడుతుంది. పరీక్ష లేకుండ ఇనుము మింగుట కూడ తప్పే, ఎక్కువైన ఇనుము కాలేయాన్ని పాడుచేస్తుంది. ఇవన్నీ అయిన తరువాత, చేస్తున్న చికిత్స మానకుండ, తన డబ్బు, తన సమయం పెట్టి సూదులు ప్రయత్నించదలచినవారిని అడ్డగించనక్కరలేదు. ఋజువు ఇంకా చాలలేదని మాత్రం వారికి దాచకుండ చెప్పవలె.

"నరాల బలహీనత" సీసా అమ్మినవానిని కూడ ఇదే కొలతతో కొలువవలె. సూదిని ఋజువు అడిగి సీసాను అడుగకపోతే అది విమర్శ కాదు, పక్షపాతం.

జమ్‌దానీ చీర కొనేవారు ముందువైపు బుటా చూచి మురిసిపోయి డబ్బు చెల్లించరు. చీరను తిరగవేసి వెనుకవైపు చూస్తారు. ఉప్పాడ నేతలో రెండు వైపులా పనితనం ఒకే తీరుగా ఉండవలె. తగ్గినవారి కథలు వైద్యానికి ముందువైపు. చికిత్స పొందక కూడ తగ్గినవారు, ఉత్తుత్తి సూదితో తగ్గినవారు, చికిత్స పొంది కూడ తగ్గనివారు దాని వెనుకవైపు. నిలువని కాళ్లకు సూదివైద్యాన్ని తిరగవేసి చూచినప్పుడు ఆ వైపున నేత ఇంకా పూర్తికాలేదు. పూర్తయినదాక దానికి పూర్తి వెల కట్టనక్కరలేదు, ఇల్లాలి రక్తపరీక్షను వాయిదా వేయనూ కూడదు.